కడుపు నిండటం వేరు, ఆకలి తీరటం వేరు: జీర్ణ హార్మోన్లకు తగ్గట్టు భోజనం చేయడం ఎలా?

బాగా ఆకలిగా ఉన్నప్పుడు రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తాగి చూడండి. పొట్ట బిగుతుగా అవుతుంది, ఇక ఏమీ పట్టదేమో అనిపిస్తుంది. అరగంట గడిచేసరికి ఆ బిగువు పోయి ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. ఇంకోరోజు గబగబా పది నిమిషాల్లో భోజనం ముగించి చూడండి. లేచేటప్పుడు ఏదో వెలితి మిగిలే ఉంటుంది. అరగంట తర్వాత అదే పొట్ట భుక్తాయాసంతో మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వదు.

ఈ రెండూ దాదాపు అందరికీ అనుభవమే. వీటి వెనక ఉన్న కారణం మాత్రం ఒక్కటే. మన శరీరం తిండిని రెండుచోట్ల, రెండు రకాలుగా లెక్క కడుతుంది. పొట్ట కొలత చూస్తుంది, పేగు సరుకు చూస్తుంది. పొట్ట లెక్క వెంటనే మెదడుకు చేరుతుంది, పేగు లెక్క నెమ్మదిగా చేరుతుంది. ఈ రెండు లెక్కలూ మీరు ఇంకా పళ్లెం ముందు ఉండగానే కలిసేలా చూసుకోవడం ఎలాగో చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను నర్సింగ్ విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెబుతాను. ఈ పాఠానికి వచ్చినప్పుడల్లా ఒక గంట ఎక్కువే తీసుకుంటాను, ఎందుకంటే పరీక్ష అయ్యాక కూడా బతుకంతా పనికొచ్చే పాఠం ఇది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

ఖాళీ పొట్టలో ఉండే చోటు 50 నుంచి 75 మిల్లీలీటర్లే. ముద్ద దిగుతున్నకొద్దీ పొట్ట పైభాగం సడలుతూ పోతుంది. లీటరు నుంచి లీటరున్నర వరకూ లోపలి ఒత్తిడి పెద్దగా పెరగకుండానే చోటు చేసుకుంటుంది. ఈ సడలింపును నడిపించేది మెదడును పొట్టతో, పేగులతో కలిపే వేగస్ నాడి. గోడ ఎంత సాగిందన్న కబురు కూడా అదే నాడి మీదుగా మెదడు కాండానికి వెళుతుంది. ఈ కబురు మోయడానికి హార్మోన్ అక్కర్లేదు, క్షణాల్లో చేరిపోతుంది.

పొట్ట సాగడం వల్ల విడుదలయ్యే ముఖ్యమైన హార్మోన్ గ్యాస్ట్రిన్. పొట్ట కింది భాగంలోని జీ కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి. గోడ సాగగానే నాడులు ఆ కణాలను మేల్కొలుపుతాయి. ప్రొటీన్ విరిగినప్పుడు వచ్చే పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు వాటిని ఇంకా బలంగా కదిలిస్తాయి. గ్యాస్ట్రిన్ వల్ల ఆమ్లం ఊరుతుంది, పొట్ట కండరాలు తిండిని చిలికే పని ఊపందుకుంటుంది. ఆమ్లం ఎక్కువైనప్పుడు సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ వచ్చి గ్యాస్ట్రిన్‌కు కళ్లెం వేస్తుంది. అంటే పొట్టలో కూడా సాగడం, సరుకు రెండూ పనిచేస్తాయి. కాకపోతే కడుపు నిండిందన్న కబురు విషయంలో మాత్రం అక్కడ సాగడానిదే పెద్ద మాట.

పేగు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పేగు లోపలి పొరలో వంద కణాలకు సుమారు ఒకటి చొప్పున హార్మోన్ కణాలు చెదురుమదురుగా ఉంటాయి. అవి తమ పైకొసను పేగు లోపలికి చాపి, వచ్చే సరుకును రుచి చూస్తాయి. రుచి చూడటం అన్నది ఉత్తి పోలిక కాదు, నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాల్లాంటివే కొన్ని పేగు కణాల మీద కూడా కనిపించాయి. పొట్టలోంచి ఆమ్లం దిగి అక్కడి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత ఇది) 4.5 కంటే తగ్గితే సెక్రెటిన్ విడుదలవుతుంది. దానికి జవాబుగా క్లోమం బైకార్బొనేట్ కలిసిన నీటిని పంపి ఆమ్లాన్ని విరుస్తుంది. కొవ్వు, ప్రొటీన్ వస్తే కొలిసిస్టోకైనిన్, అంటే క్లుప్తంగా సీసీకే, విడుదలవుతుంది. అది పిత్తాశయాన్ని పిండి పైత్యరసం దింపుతుంది, క్లోమం నుంచి ఎంజైములు రప్పిస్తుంది, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. ఇక చాలు అన్న కబురు కూడా వేగస్ నాడి చెవిన వేస్తుంది. ఇవి కాక పేగులో జీఐపీ, జీఎల్‌పీ-1, పీవైవై అనే మరో మూడు హార్మోన్లు ఉన్నాయి. వాటి సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఇక్కడ ఒక చరిత్ర సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక కుక్క పేగు ముక్కకు వెళ్లే నాడులు తెంచేసి, ఆ ముక్కలో ఆమ్లం పోశారు. నాడులు లేకపోయినా క్లోమరసం ఊరింది. కబురు రక్తం మీదుగా వెళ్లిందన్నమాట. అలా బయటపడిన సెక్రెటినే మొట్టమొదట గుర్తించిన హార్మోన్. 1905లో స్టార్లింగ్ ‘హార్మోన్’ అనే మాటనే వాడుకలోకి తెచ్చాడు. థైరాయిడ్ గురించి, ఇన్సులిన్ గురించి మనం వాడే ఆ మాట మొదట పేగు కోసం పుట్టింది.

ఇప్పుడు అసలు కీలకం. ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం కనుక్కుంది. అది భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఎక్కువగా పొట్టలోనే ఊరుతుంది కాబట్టి పొట్ట సాగితే చాలు తగ్గిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అలా జరగదు. ఎలుకల్లో పొట్టకూ పేగుకూ మధ్య ద్వారమైన పైలోరస్‌ను మూసి, పొట్టలోకి గ్లూకోజ్ ద్రవం పంపి చూశారు. పొట్ట నిండింది, గ్రెలిన్ మాత్రం తగ్గలేదు. ద్వారం తెరిచి పేగులోకి దిగనిస్తేనే తగ్గింది. మనుషుల్లో కూడా ఉత్తి నీళ్లతో గ్రెలిన్ తగ్గదు. మొదట్లో చెప్పిన రెండు గ్లాసుల నీళ్ల సంగతికి జవాబు ఇదే.

అలాగని సాగడం వృథా అనుకోకండి. పైలోరస్ మూసిన ఎలుకలు కూడా పొట్ట ఒక స్థాయికి నిండగానే తినడం ఆపేశాయి. లోపల ఉన్నది పోషకాలా, ఉప్పునీళ్లా అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. ఆ పూటకు తినడం ఆపించేది ముఖ్యంగా సాగడం. తర్వాతి పూట వరకూ ఆకలిని పట్టి ఉంచేది ముఖ్యంగా పేగు హార్మోన్లు. రెండూ ఒకేసారి అందితే ‘చాలు’ అన్న మాట ఇంకా బలంగా వినిపిస్తుంది. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి.

మొదటి పని: మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి పూటా నాలుగు సంగతులే రాయండి. ఎన్ని నిమిషాల్లో తిన్నారు, మొదట ఏం తిన్నారు, లేచేటప్పుడూ, లేచిన ఇరవై నిమిషాలకూ పొట్ట ఎలా ఉంది, మళ్లీ నిజమైన ఆకలి ఎన్ని గంటలకు వేసింది. కేలరీలు లెక్క పెట్టొద్దు, బరువు చూసుకోవద్దు. ఈ నాలుగింటిలో మూడోదే అన్నిటికన్నా విలువైనది. లేచినప్పటి పొట్టకూ, ఇరవై నిమిషాల తర్వాతి పొట్టకూ ఎంత తేడా ఉంటే, మీ పేగు కబురు అంత ఆలస్యంగా అందుతోందని అర్థం.

రెండో పని: తినబోయే ముందు రెండు నిమిషాలు కూర్చోండి

వాసన తగలగానే నోరూరడం మనకు తెలుస్తుంది, పొట్ట ఊరడం తెలియదు. ఒక పూట భోజనానికి ఊరే ఆమ్లంలో సుమారు మూడో వంతు తిండి పొట్టలోకి దిగకముందే, చూపుకూ వాసనకూ రుచికీ మొదలవుతుంది. ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది ఇలాంటి జీర్ణక్రియ పరిశోధనకే. ఈ దశను కూడా నడిపేది వేగస్ నాడే. టెన్షన్‌లో, ఫోన్ చూస్తూ, నడుస్తూ తిన్నప్పుడు ఈ దశ సన్నగిల్లుతుంది. కాబట్టి కూర్చోండి, పళ్లెంలో ఏముందో చూడండి, తర్వాత మొదలుపెట్టండి. ఇంతకు మించి ఇక్కడ చేయాల్సింది లేదు.

మూడో పని: పొట్టను నిలిచి ఉండే సరుకుతో సాగదీయండి

ఉత్తి నీళ్లు పొట్టలో ఎక్కువసేపు ఆగవు. తాగినదాంట్లో సగం పది ఇరవై నిమిషాల్లోనే పేగులోకి జారిపోతుంది. గట్టి పదార్థం కథ వేరు. దాన్ని పొట్ట ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా నలిపితే గానీ పైలోరస్ దాటనివ్వదు. మామూలు భోజనంలో సగం దిగడానికే గంటన్నర నుంచి రెండు గంటలు పట్టొచ్చు.

అందువల్ల నీళ్లు తిండి పక్కన ఉండటం కన్నా తిండి లోపల ఉండటం మేలు. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, చిక్కటి సూప్ ఇలాంటివే. ఒకే పదార్థాలను ఒకసారి గట్టి భోజనంగా, పక్కన గ్లాసు నీళ్లతో ఇచ్చి, ఇంకోసారి వాటినీ ఆ నీళ్లనూ కలిపి సూప్‌గా చేసి ఇచ్చి, పొట్టను స్కాన్ చేసి చూసిన పరిశోధనలు ఉన్నాయి. సూప్ తాగినప్పుడు పొట్ట ఎక్కువసేపు నిండుగా ఉంది, ఆకలి ఆలస్యంగా వేసింది. పక్కన తాగిన నీళ్లు మాత్రం ముందే జారుకున్నాయి.

పళ్లెంలో సగం భాగం ఇలాంటి నీరున్న, పీచున్న పదార్థాలు ఉండేలా చూసుకోండి. కేలరీలు తక్కువ, చోటు ఎక్కువ పడతాయి. గ్యాస్ నింపిన కూల్‌డ్రింకులు కూడా పొట్టను సాగదీస్తాయి గానీ ఆ సాగుదల ఒక త్రేన్పుతో పోతుంది, చక్కెర మాత్రం మిగులుతుంది.

నీళ్ల గురించి రెండు మాటలు. భోజనంతో నీళ్లు తాగితే జీర్ణరసం పలచబడి అరగదన్న భయం పెట్టుకోకండి. ఆమ్లం ఎంత కావాలో పొట్ట ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూనే ఉంటుంది. ఇక మధ్యవయసు దాటినవాళ్లు భోజనానికి అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగితే ఆ పూట తినేది కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. యువకుల్లో అంత ప్రభావం కనిపించలేదు. మీకు సరిపడితే చేయండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగాల్సినవాళ్లు చేయొద్దు.

నాలుగో పని: వరస మార్చండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. తినే తిండి మారదు, ఖర్చు పెరగదు, వరస మాత్రమే మారుతుంది.

జీఎల్‌పీ-1 ఏం చేస్తుందో ముందు చూడండి. గ్లూకోజ్‌ను నోటితో తీసుకుంటే, అదే మోతాదులో రక్తంలో చక్కెర పెరిగేలా సూదితో ఎక్కించినప్పటి కన్నా ఎక్కువ ఇన్సులిన్ విడుదలవుతుంది. 1964లో ఈ సంగతి బయటపడింది. పేగు దాటి వచ్చే చక్కెర గురించి పేగే ముందుగా క్లోమానికి కబురు పంపుతోందన్నమాట. ఆ కబురు తీసుకెళ్లేవి జీఐపీ, జీఎల్‌పీ-1. భోజనం తర్వాత వచ్చే ఇన్సులిన్‌లో సగానికి పైగా వీటి చలవే అయి ఉండొచ్చు. పైగా జీఎల్‌పీ-1 పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తుంది, ఆకలిని అణుస్తుంది. అయితే రక్తంలో దాని ఆయుష్షు చాలా తక్కువ. డీపీపీ-4 అనే ఎంజైమ్ రెండు నిమిషాల్లోనే సగాన్ని విరిచేస్తుంది. కాబట్టి పేగులో సరుకు ఉన్నంతసేపే దాని పని.

ఇప్పుడు ప్రొటీన్, కూరగాయలు ముందు తిని, ధాన్యాలూ దుంపల్లాంటి పిండి పదార్థాలు చివర తిన్నారనుకోండి. ప్రొటీన్, కొవ్వు, పీచు మొదట పేగును చేరతాయి. సీసీకే, జీఎల్‌పీ-1 పైకి లేస్తాయి. పొట్ట తలుపు కాస్త బిగుస్తుంది. తర్వాత వచ్చే పిండి పదార్థం ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా దిగుతుంది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూసిన అధ్యయనాల్లో, పిండి పదార్థం చివర తిన్నప్పుడు రక్తంలో చక్కెర స్పష్టంగా తక్కువ పెరిగింది, జీఎల్‌పీ-1 ఎక్కువగా కనిపించింది.

చేయాల్సింది ఇది. గుడ్డు, చేప, మాంసం, పప్పుధాన్యాలు, పన్నీర్ లాంటి వాటిలో మీరు తినేది ఏదైనా సరే, దాన్నీ కూరగాయలనూ మొదటి పది నిమిషాల్లో తినండి. పిండి పదార్థం ఆ తర్వాత తీసుకోండి. పూర్తిగా విడదీసి తినడం కుదరని భోజనమైతే, మొదట కొంత ప్రొటీన్, కొంత కూరగాయ విడిగా తిని, అప్పుడు కలుపుకోండి. అది కూడా పనిచేస్తుంది. పండ్ల రసంతోనో తీపి పానీయంతోనో భోజనం మొదలుపెట్టడం మాత్రం ఈ వరసను తలకిందులు చేయడమే.

ఐదో పని: ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు తీసుకోండి

పోషకాలున్న ద్రవాన్ని కూడా పొట్ట ఒక్కసారిగా పేగులోకి వదలదు. నిమిషానికి సుమారు రెండు మూడు కిలోకేలరీల చొప్పునే వదులుతుంది. ఈ లెక్క ప్రకారం పది నిమిషాల్లో పేగుకు చేరేది 20 నుంచి 30 కిలోకేలరీలే. అప్పటికి మీరు మొత్తం భోజనం మింగేసి ఉంటే, పేగు ఆ భోజనంలో కొద్దిపాటి సరుకు మాత్రమే చూసింది. సీసీకే అప్పుడప్పుడే పెరుగుతూ ఉంటుంది, పేగు కింది భాగం నుంచి వచ్చి ఆకలిని అణిచే పీవైవై ఇంకా దూరాన ఉంటుంది. ఆ పది నిమిషాల్లో మిమ్మల్ని ఆపగలిగింది పొట్ట సాగుదల ఒక్కటే, అది ఒత్తిడి పెంచకుండా చోటిస్తూనే పోతుంది.

ఒక పరీక్షలో 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను అదే మనుషులకు ఒకసారి 5 నిమిషాల్లో, ఇంకోసారి 30 నిమిషాల్లో తినిపించారు. సరుకు అదే, కొలత అదే. నెమ్మదిగా తిన్నప్పుడు జీఎల్‌పీ-1, పీవైవై రెండూ ఎక్కువగా విడుదలయ్యాయి.

నెమ్మదిగా తినండి అని చెప్పడం తేలిక, చేయడం కష్టం. విద్యార్థిగా వార్డు డ్యూటీలు చేసిన రోజుల్లో నాకు ఎనిమిది నిమిషాల భోజనం అలవాటైంది. ఆ అలవాటు వదలడానికి చాలాకాలం పట్టింది. నాకు పనిచేసినవి చెబుతాను. ఒక ముద్ద పూర్తిగా మింగాకే చేయి మళ్లీ పళ్లెంలోకి వెళ్లాలి. నమలాల్సిన పదార్థం ప్రతి పూటా ఒకటైనా ఉండాలి. సగం పళ్లెం అయ్యాక ఒక నిమిషం ఆగి మాట్లాడాలి, లేదా కాసిని నీళ్లు తాగాలి. నమలడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ముక్కలు చిన్నవైతే ప్రొటీన్, కొవ్వు త్వరగా విరిగి, హార్మోన్ కణాలు గుర్తుపట్టే రూపంలోకి వస్తాయి.

మరీ ఆలస్యం కూడా అక్కర్లేదు. గంటసేపు కూర్చుంటే చాలామంది ఎక్కువే తింటారు.

ఆరో పని: కొవ్వును తీసేయకండి, కొద్దిగా ఉంచండి

సీసీకేను లేపడంలో కొవ్వుకు సాటి లేదు. కాకపోతే కొవ్వు కొవ్వుగా ఉన్నంతసేపు ఆ కణాలు పట్టించుకోవు. అది కొవ్వు ఆమ్లాలుగా విరగాలి, ఆ ఆమ్లం గొలుసులో 12 లేదా అంతకన్నా ఎక్కువ కార్బన్లు ఉండాలి. కొవ్వును విరిచే ఎంజైమును అడ్డుకునే ఓర్లిస్టాట్ మందు వేసుకున్నవాళ్లలో సీసీకే విడుదల తగ్గడం దీనికి మంచి రుజువు.

ఒక పూటలో పది గ్రాముల వరకు నూనెగానీ, గింజల్లోని కొవ్వుగానీ ఉంటే పిత్తాశయం చక్కగా ముడుచుకుంటుంది. కొవ్వు పూర్తిగా మానేసి, చాలా తక్కువ కేలరీలతో వేగంగా బరువు తగ్గేవాళ్లలో పిత్తాశయ రాళ్లు ఎక్కువగా ఏర్పడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. సీసీకే రాక పిత్తాశయం కదలదు, పైత్యరసం నిలవ ఉండి చిక్కబడుతుంది.

ఎక్కువైతే ఇంకో చిక్కు. కొవ్వు పేగు చివరి దాకా వెళితే అక్కడ ఎల్ కణాలు అనే హార్మోన్ కణాలు పీవైవై, జీఎల్‌పీ-1 వదిలి పైనున్న మొత్తం ప్రయాణాన్ని నెమ్మది చేస్తాయి. వేపుళ్లు ఎక్కువగా తిన్న రోజు పొట్ట గంటల తరబడి బరువుగా ఉండటం, వికారం రావడం అందుకే. కడుపు ఉబ్బరం ఎక్కువగా ఉండేవాళ్లు కొవ్వును మూడు పూటలకూ సమంగా పంచుకుంటే తేడా తెలుస్తుంది.

ఏడో పని: రెండోసారి వడ్డించుకునే ముందు పది నిమిషాలు ఆగండి

మొదటి పళ్లెం అయ్యాక ఇంకా కావాలనిపిస్తే, గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. మాట్లాడండి, గిన్నెలు సర్దండి. అప్పుడూ ఆకలిగా ఉంటే మనస్ఫూర్తిగా తినండి, అది మీ పేగు చెప్పిన మాటే. ఆకలిని చంపుకోవడానికి కాదు ఈ ఆగడం, ఆలస్యంగా వచ్చే కబురు కోసం.

ఎనిమిదో పని: తిన్న తర్వాతి గంటలు

పొట్ట పైభాగం బాగా సాగినప్పుడు అన్నవాహిక కింద ఉన్న బిగువు కండరం మధ్యమధ్య తనంతట తాను సడలుతుంది. త్రేన్పు రావడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ సమయంలో పడుకుని ఉంటే గాలితో పాటు ఆమ్లం కూడా పైకొస్తుంది. కొవ్వు వల్ల వచ్చే సీసీకే కూడా ఆ బిగువును తగ్గిస్తుంది. అందుకే భారీగా, కొవ్వుతో తిని వెంటనే పడుకుంటే ఛాతీలో మంట, పులితేన్పులు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉంచండి. ఆ పూట కొలత కూడా తగ్గించండి. మంటకు మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంత ఊరటనిస్తుందో నేను కళ్లారా చూశాను.

పొట్ట సాగడం వల్ల మరో మేలు ఉంది. పొట్ట నిండగానే పెద్దపేగు కూడా కదులుతుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న పొట్టలో పొద్దున మొదటి భోజనం పడినప్పుడు ఈ కదలిక బలంగా ఉంటుంది. మలబద్ధకం ఉన్నవాళ్లు ఉదయం తిన్నాక పదిహేను నిమిషాలకు, హడావిడి లేకుండా, రోజూ టాయిలెట్‌కు వెళ్లడం అలవాటు చేసుకోండి.

భోజనాల మధ్య ఖాళీ కూడా పేగుకు పని వేళే. ఏమీ తినని సమయంలో 90 నుంచి 120 నిమిషాలకోసారి పొట్ట నుంచి చిన్నపేగు చివరి వరకూ ఒక ఊడ్పు అల సాగుతుంది. మిగిలిన తుక్కును, బ్యాక్టీరియాను కిందికి నెడుతుంది. దాన్ని మొదలుపెట్టేది మోటిలిన్ అనే హార్మోన్. ‘పేగులు అరుస్తున్నాయి’ అంటామే, ఆ చప్పుడులో చాలా భాగం ఈ ఊడ్పుదే. ఏదైనా నోట్లో వేసుకోగానే ఊడ్పు ఆగిపోతుంది. గంటగంటకూ ఏదో ఒకటి నమిలే అలవాటుంటే దానికి అవకాశమే దొరకదు. పూటకూ పూటకూ మధ్య మూడు నాలుగు గంటలు నీళ్లు తప్ప ఏమీ లేకుండా ఉంచి చూడండి.

తొమ్మిదో పని: పీచును వారాల మీద పెంచండి

పీచు ఈ పూట పొట్టను సాగదీస్తుంది. అసలు ఫలితం మాత్రం కొన్ని గంటల తర్వాత పెద్దపేగులో కనిపిస్తుంది. అక్కడి బ్యాక్టీరియా పీచును పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తుంది. ఎల్ కణాల మీద వీటిని గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయి. అలా జీఎల్‌పీ-1, పీవైవై విడుదలకు మరో దారి తెరుచుకుంటుంది. ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం తప్పవు. వారానికి కొంచెం చొప్పున, నీళ్లతో పాటు పెంచండి.

ఎవరు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి

ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు వరస మార్చినా, నెమ్మదిగా తిన్నా, తిన్న చక్కెర ఆలస్యంగా రక్తంలోకి వస్తుంది. మందు మాత్రం పాత వేళకే పనిచేస్తుంది. చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందుగా మాట్లాడండి. ఏళ్ల తరబడి డయాబెటిస్ ఉండి పొట్ట నాడులు దెబ్బతిన్నవాళ్లలో పొట్ట అసలే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. వాళ్లకు పీచు, కొవ్వు ఎక్కువైతే ఇబ్బంది పెరుగుతుంది. వాళ్లకు కొద్దికొద్దిగా, మెత్తగా, ఎక్కువసార్లు తినడమే దారి. అప్పుడు ఎనిమిదో పనిలో చెప్పిన ఖాళీలు వర్తించవు.

చక్కెర, బరువు తగ్గడానికి జీఎల్‌పీ-1 లాగే పనిచేసే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. సహజంగా వచ్చే జీఎల్‌పీ-1 సగం ఆయుష్షు రెండు నిమిషాలైతే, ఈ మందుది సుమారు వారం. అంటే చాలు అన్న కబురు రోజంతా ఉంటుంది. కొలత తగ్గించాలి, ప్రొటీన్ మాత్రం తగ్గకూడదు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సరుకు కింది పేగుకు తొందరగా చేరి హార్మోన్లు ఉవ్వెత్తున లేస్తాయి. ఆపరేషన్ చేసినచోట ఇచ్చిన పట్టికే వాళ్లకు శిరోధార్యం.

ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలు చాలాకాలంగా వాడుతుంటే వాటిని ఉన్నట్టుండి ఆపకండి. ఆమ్లం తగ్గితే గ్యాస్ట్రిన్ మీద కళ్లెం వదులవుతుంది, అది పెరిగి ఉంటుంది. మాత్ర ఆపగానే ఆమ్లం మునుపటి కన్నా ఎక్కువగా ఊరి మంట తిరగబెడుతుంది. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్టు ఉండటం వారాల తరబడి సాగినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా ఈ మెట్లతో కాలయాపన చేయకండి. వెంటనే చూపించుకోండి. తిండి అంటే భయం, తిన్నందుకు అపరాధ భావం ఉన్నవాళ్లు కూడా నిమిషాలు, వరసలు లెక్కపెట్టే ఈ పద్ధతికి దూరంగా ఉండి, ముందు ఆ బాధకు సాయం తీసుకోవాలి.

రెండు వారాల తర్వాత

అన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి. మొదటి వారం వరస, నిమిషాలు. రెండో వారం పళ్లెంలో కూరగాయల భాగం, రాత్రి భోజనం వేళ. ఆ తర్వాత మళ్లీ మూడు రోజులు నోట్‌బుక్ తీసి అవే నాలుగు సంగతులు రాసి, పాత పేజీ పక్కన పెట్టి చూడండి. లేచినప్పటి పొట్టకూ ఇరవై నిమిషాల తర్వాతి పొట్టకూ తేడా తగ్గిందా? తగ్గితే రెండు లెక్కలూ పళ్లెం ముందే కలుస్తున్నాయి. పొట్ట నిండుతోంది గానీ రెండు గంటలకే ఆకలి వేస్తోందంటే కొలత సరిపోయింది, సరుకు చాలలేదు. ప్రొటీన్ కొంచెం పెంచండి. నాలుగైదు గంటలైనా బరువు దిగడం లేదంటే సరుకు, ముఖ్యంగా కొవ్వు, ఎక్కువైంది. దాన్ని తగ్గించి మరో మూడు రోజులు రాయండి.